పెట్టె కట్టకముందే వర్గం తేల్చుకో

ఒరేయ్ సుధాకర్,

నీ మెయిల్ చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఎగ్జిబిషన్‌కి పెయింటు శాంపిళ్లు, బ్యాటరీ మీటర్లు, పెట్రోలుతో నడిచే నీళ్ల పంపు పంపిస్తూ "ఇవేమైనా బాంబులా? జనరల్ కార్గో అని రాసేస్తే పోదా?" అని అడిగావు. పోదురా. రాసేముందు ఇది మొత్తం చదువు. సరుకు ప్రమాదకరమైనదో కాదో తేల్చే నా ఉద్యోగం గురించి కావాలని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, దొరికావు కాబట్టి అంత తేలిగ్గా వదలను.

ప్రమాదకర సరుకంటే చూడగానే భయం పుట్టేదని నువ్వు అనుకుంటున్నావు. నియమాల్లో భయానికి చోటు లేదు, కొలతలకే చోటు. ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ తయారుచేసే నమూనా నియమాలను, అట్ట రంగును బట్టి ఆరెంజ్ బుక్ అంటాం, రెండేళ్లకోసారి సవరిస్తారు. దాని ఆధారంగానే ఓడలకు ఐఎండీజీ కోడ్, విమానాలకు ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) సూచనలు వచ్చాయి. విమానం సరుకు చూసేవాళ్ల బల్ల మీద ఉండేది మాత్రం ఏటా కొత్తగా వచ్చే ఐయాటా, అంటే విమాన సంస్థల సంఘం, పుస్తకం. పేలుడు పదార్థాలు ఒకటో వర్గం, వాయువులు రెండు, మండే ద్రవాలు మూడు, అలా తొమ్మిది దాకా వెళ్తుంది. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుందని చాలామంది పొరబడతారు. విమానాల వాళ్లకి నిద్ర పట్టనివ్వని లిథియం బ్యాటరీలు ఉన్నది ఆ చివరి తొమ్మిదిలోనే!

అసలు చిక్కేంటంటే, పేరు ఒకటే అయినా వర్గం మారిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే తీసుకో. నీళ్లలో 8 శాతం కన్నా తక్కువ కలిపి ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. 8 దాటి 20 లోపు ఉంటే ఆక్సిడైజర్, అంటే పక్కనున్నవాటి మంటను పెంచే పదార్థం, అయిపోతుంది. ఒక్కో ప్రమాదకర సరుకును గుర్తించడానికి ఇచ్చే యూఎన్ నంబర్ దీనికి 2984. 20 నుంచి 60 దాకా నంబర్ 2014. ఇక్కడ ఒంటిని, లోహాన్ని తినేసే గుణం కూడా లెక్కలోకొచ్చి రెండో లేబుల్ పడుతుంది. 60 దాటితే 2015, ప్యాకింగ్ గ్రూప్ ఒకటి. ప్రమాద తీవ్రతను బట్టి ఇచ్చే ఈ గ్రూపులు మూడు, ఒకటి అంటే అన్నిటికన్నా గట్టి ప్యాకింగ్ కావాలి. అందుకే "పెరాక్సైడ్ పంపొచ్చా?" అని అడిగేవాళ్లకి నేను తిరిగి ఒకటే ప్రశ్న వేస్తాను: ఎంత శాతం?

నీ పెయింటుదీ ఇదే కథ. నీళ్లతో చేసినదైతే చాలాసార్లు మామూలు సరుకే. సాల్వెంట్‌తో చేసినదైతే ఫ్లాష్ పాయింట్ చూడాలి. అంటే ద్రవం పైన చేరిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత. మూసిన గిన్నెలో పరీక్ష చేస్తే అది 60 డిగ్రీలు దాటకపోతే మూడో వర్గం, యూఎన్ 1263. 23 డిగ్రీల లోపే అంటుకుంటే సాధారణంగా ప్యాకింగ్ గ్రూప్ రెండు, ఆ పైన అయితే మూడు. పెయింటు చిక్కదనాన్ని బట్టి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి జోలికి ఇప్పుడొద్దు.

ఇవన్నీ తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో, అంటే ఆ పదార్థం గుణాలు, జాగ్రత్తలు రాసిన పత్రంలో ఉంటాయి. అందరూ నేరుగా 14వ విభాగానికి, అదే రవాణా సమాచారానికి వెళ్లి "నియంత్రణ లేదు" అని కనిపించగానే ఊపిరి పీల్చుకుంటారు. నువ్వు మాత్రం 9వ విభాగం కూడా చూడు. అక్కడ ఫ్లాష్ పాయింట్ 28 డిగ్రీలని ఉండి, 14లో నియంత్రణ లేదని ఉంటే ఆ రెండిట్లో ఒకటి తప్పు. తయారీదారుని రాతపూర్వకంగా అడుగు. షీటు ఎప్పటిదో, అందులో రోడ్డు, ఓడ, విమానం విడివిడిగా రాశారో లేదో కూడా చూసుకో. "హార్మ్‌లెస్" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిన ఉత్తరాలు నాకు చాలానే వస్తుంటాయి. చదువుకోవడానికి బాగుంటాయి, అంతకుమించి పనికిరావు.

ఇక పంపు. "ట్యాంకు ఖాళీ చేసేశాం" అన్నావు చూడు, అక్కడే ఆగాను. ద్రవం పారబోసినా ఆవిరి మిగిలే ఉంటుంది. కడగని ఖాళీ డబ్బాను కూడా నిండుదానిలాగే చూడమంటాయి నియమాలు. 1996 మే 11న వాల్యూజెట్ 592 విమానంలోకి ఎక్కించిన ఆక్సిజన్ జనరేటర్లకి కాగితం మీద రాసింది 'ఖాళీ' అనే. అవి ఖాళీ కావు. మయామీలో లేచిన కాసేపటికే కార్గో అరలో మంటలు రేగి విమానం కూలిపోయింది, 110 మంది చనిపోయారు. అప్పటినుంచి దాదాపు ముప్పయ్యేళ్లు గడిచినా కాగితాల మీద ఆ మాట కనిపిస్తే నా పెన్ను ఆగిపోతుంది.

మీటర్ల సంగతి కాస్త తేలికే. లిథియం అయాన్ బ్యాటరీ లోపలే బిగించి ఉంటే యూఎన్ 3481. విడి బ్యాటరీలు వేరే పెట్టెలో పంపితే 3480, దాని మీద ఆంక్షలు చాలా ఎక్కువ. 2016 ఏప్రిల్ 1 నుంచి వాటిని ప్రయాణికుల విమానంలో కార్గోగా తీసుకోవడం నిషిద్ధం. కార్గో విమానంలో అయినా ఛార్జింగ్ 30 శాతం దాటకూడదు. కాబట్టి స్పేర్లు మానుకో. బ్యాటరీ మీద వాట్-అవర్లు (అది నిల్వ చేసే శక్తి కొలత) ఎంతని రాసుందో చూడు, 38.3 టెస్ట్ సమ్మరీ, అంటే బ్యాటరీ యూఎన్ భద్రతా పరీక్షలు పాసైందని చూపే పత్రం, అడిగి తెప్పించుకో. ఉబ్బిన బ్యాటరీ ఒక్కటి కనిపించినా పక్కన పెట్టెయ్, దాన్ని విమానం ఎక్కించడం కుదరదు.

సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఫార్వార్డర్ చూసుకుంటాడులే అనుకోకు. వర్గం తేల్చి డిక్లరేషన్ మీద సంతకం పెట్టాల్సింది షిప్పరే, అంటే నువ్వే. ఎంత మంచివాడైనా నీ డబ్బాలో ఏముందో అతనికేం తెలుస్తుంది చెప్పు? తప్పుంటే జరిమానా వచ్చేదీ నీ పేరు మీదే. ముందు ఇవి తేలితేనే ఏ డబ్బా వాడాలి, ఎంత నింపాలి, ఏ లేబుల్ అంటించాలి అన్నవి తెలుస్తాయి. నువ్వేమో పెట్టెలకి మేకులు కూడా కొట్టించేశావు!

ప్రస్తుతానికి వాటిని విప్పించి మూడు వస్తువులూ వేరు చెయ్. పెయింట్ల డేటా షీట్లు అన్నీ నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను. పంపు విషయంలో నా మాట వింటే దాన్ని ఇంటిదగ్గరే వదిలేసి ఫొటో పట్టుకెళ్లు. ఎగ్జిబిషన్ హాల్లో పెట్రోలు పోసి స్టార్ట్ చేయనివ్వరు కదా ఎలాగూ.

నీ,
ప్రసాద్