నీటి నమూనా దగ్గరే ఓడిపోతున్న కాలుష్యం కేసులు

సంపాదకులకు నమస్కారం.

విషరసాయనాలతో పాడైన స్థలాలను గుర్తించి శుభ్రం చేయించడానికి కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో ప్రత్యేక నియమాలు ప్రకటించింది. పటాన్‌చెరు, బొల్లారం, విశాఖపట్నం వంటి పారిశ్రామిక ప్రాంతాలున్న మన రెండు రాష్ట్రాల్లో వీటిపై జరగవలసినంత చర్చ జరగలేదు. పరిశ్రమల కాలుష్యం మీద వ్యాజ్యాలు నడిపే న్యాయవాదిగా నాకు తోచిన ఒక సంగతిని మీ పాఠకుల ముందుంచుతున్నాను. మన దగ్గర కాలుష్య బాధితులకు చట్టం కొరత పెద్దగా లేదు. వాళ్లు ఓడిపోయేది సాక్ష్యం దగ్గర, అదీ వ్యాజ్యం కోర్టు మెట్లెక్కక ముందే.

చట్టం సంగతే చూడండి. నీటి కాలుష్య చట్టం 1974లోనే వచ్చింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో నూనె పరిశ్రమ పెట్టదలచిన ఒక సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెబుతూ, హాని జరగదని నిరూపించుకోవలసిన భారం పరిశ్రమ మీదే ఉంటుందని తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారే తరువాత లా కమిషన్ అధ్యక్షులుగా ప్రత్యేక పర్యావరణ న్యాయస్థానాలు కావాలని 2003లో సిఫారసు చేశారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. చెన్నైలోని దాని దక్షిణ ధర్మాసనమే మన వ్యాజ్యాలను వింటుంది.

ఇక సాక్ష్యం. వాగులో నీళ్లు రంగు మారి, చేపలు తేలి, పశువులు జబ్బుపడ్డాక రైతు ఒక కూల్‌డ్రింకు సీసాలో ఆ నీళ్లు పట్టుకుని మా ఆఫీసుకు వస్తాడు. ఆ సీసా అతని ఆవేదనకు గుర్తే తప్ప కోర్టులో దానికి విలువ బహుస్వల్పం. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీసే అధికారి దాన్ని పరీక్షకు పంపుతున్నట్లు అక్కడికక్కడే పరిశ్రమ వారికి నోటీసు ఇవ్వాలి, వారి ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి, సీసాలకు సీలు వేసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి, ఆ తరువాతే ప్రయోగశాలకు పంపాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా ఆ విశ్లేషణ నివేదిక సాక్ష్యంగా చెల్లదని పరిశ్రమ తరఫు న్యాయవాది వాదిస్తాడు, చాలాసార్లు నెగ్గుతాడు. అతన్ని తప్పుపట్టలేం, అది అతని వృత్తిధర్మం. అర్ధరాత్రి వానలో వదిలిన వ్యర్థజలాల కోసం మర్నాడు మధ్యాహ్నం వచ్చే అధికారి చేతికి చిక్కేది వాననీరే అన్న సంగతి మాత్రం ఏ నివేదికలోనూ కనిపించదు.

నమూనా సక్రమంగా తీసినా అది ఏ కర్మాగారం నుంచి వచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. పదుల కొద్దీ పరిశ్రమలున్న చోట ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు వేలు చూపిస్తారు. ఇక్కడే న్యాయవాది పని కోర్టు గదిలోంచి కాగితాల గదిలోకి మారుతుంది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రంలో ఆ పరిశ్రమ ఏ సరుకు ఎంత తయారు చేయవచ్చో, రోజుకు ఎంత వ్యర్థజలం వదలవచ్చో రాసి ఉంటుంది. బావి నీటిలో తేలిన రసాయనాన్ని ఆ జాబితాతో పోల్చి చూస్తే వేలు ఎటు చూపాలో కొంతవరకు తెలుస్తుంది. ఈ షరతుల రిజిస్టరును సంబంధం ఉన్న ఎవరైనా చూడవచ్చని నీటి చట్టం 25వ సెక్షనే చెబుతోంది. ఈ హక్కు ఒకటి ఉందని తెలిసిన సర్పంచులు నాకు అరుదుగా కనిపించారు.

కాలపరిమితి మరో చిక్కు. ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో, సరైన కారణం చూపితే మరో 60 రోజుల్లో, దరఖాస్తు చేయాలి. భూగర్భంలో ఏళ్ల తరబడి ఇంకిన విషం ఏ రోజున మొదలైందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? అందుకే మేము పరిహారానికీ పునరుద్ధరణకూ ఐదేళ్ల గడువిచ్చే 15వ సెక్షన్‌ను ఆశ్రయిస్తాం.

ఇవన్నీ దాటినా ఎంత కాలం పడుతుందో పటాన్‌చెరు చరిత్రే చెబుతుంది. నక్కవాగు, దాని చుట్టుపక్కల చెరువులు, బావులు పాడయ్యాయంటూ 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి, 2017 అక్టోబరులో తీర్పుకు నోచుకుంది. మధ్యలో రైతులకు కొంత పరిహారం అందిన మాట నిజమే. కానీ పిటిషన్ వేసిన నాటికి పుట్టని పిల్లలు తీర్పు నాటికి పెళ్లీడుకొచ్చారు.

పరిశ్రమలకు నియమపాలనలో సలహా ఇచ్చే న్యాయవాదులను ఊళ్లలో శత్రువులుగా చూస్తారు. నేను అలా చూడను. అనుమతి లేని సరుకు తయారు చేయవద్దనీ, సామర్థ్యం పెంచే ముందు పర్యావరణ అనుమతి తీసుకోవాలనీ యాజమాన్యానికి గట్టిగా చెప్పే న్యాయవాది ఒక్కోసారి మాకంటే ఎక్కువ మేలు చేస్తాడు. విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ తన ఉత్పత్తికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019లో తన అఫిడవిట్‌లోనే ఒప్పుకుంది. అయినా పని సాగింది. 2020 మే 7న ఆ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరిగా వెలువడి 12 మంది ప్రాణాలు పోయాక, మర్నాడే ట్రిబ్యునల్ రూ.50 కోట్లు జమ చేయమని ఆదేశించింది. ఆ అఫిడవిట్ చదివిన రోజునే ఎవరైనా కదిలి ఉండవలసింది.

నియమపాలన సరిగ్గా ఉన్నంత మాత్రాన నీళ్లు శుభ్రమని కూడా అనలేం. పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. యాంటీబయాటిక్ అవశేషాలకు కేంద్ర ప్రభుత్వం 2020 ముసాయిదాలో ప్రతిపాదించిన పరిమితులు 2021 తుది ప్రకటనలో లేవు. పరిమితే లేని చోట ఉల్లంఘనను నేను ఎలా నిరూపించాలి?

ఈ నేపథ్యంలో 2025 నియమాలకు నేను విలువిస్తున్నాను. పాడైనట్లు అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగమో స్థానిక సంస్థో తనంతట తానుగా లేదా ప్రజల ఫిర్యాదు మీద తయారు చేసి, ఆరు నెలలకొకసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, తరువాతి మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి. నమూనా తీయించే భారం బాధితుడి నెత్తి మీద నుంచి కొంతైనా దిగుతుందని నా ఆశ. కాలుష్యం చేసినవారు దొరక్కపోతే ఖర్చు ప్రభుత్వాలు భరించాలన్న ఏర్పాటూ ఉంది. ప్రక్షాళన పూర్తికి గడువు పెట్టకపోవడం మాత్రం పెద్ద లోపం.

పంచాయతీలు తీర్మానం చేసి కలెక్టరు కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. ఆ తేదీ నుంచే అవతలి పక్షం కాలపరిమితి లెక్కపెట్టవచ్చు కనుక ఆ తరువాత చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ఇక మీ జిల్లా విలేకరులకు నా విన్నపం. ఏ జిల్లా ఈ జాబితా పంపింది, అందులో ఏ ఊళ్లు ఉన్నాయి, ఏవి లేవు అన్నది సమాచార హక్కు చట్టం కింద అడిగి, వచ్చిన జవాబును యథాతథంగా ప్రచురించండి. జవాబు రాకపోతే రాలేదనే ప్రచురించండి.

భవదీయుడు,
ఒక న్యాయవాది, సంగారెడ్డి