ముంబయి చూసి రావడానికేనా, ఉండటానికి కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు ముంబయి వెళ్లొచ్చిన అనుభవం రాసి, చివర్లో "ఆ ఊరు చూసి రావడానికే గాని ఉండటానికి కాదు" అని తేల్చేశారు. రద్దీ, అద్దెలు, వానలు, ఉక్కపోత... ఆయన రాసినవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ మాట దగ్గరే నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే మూడేళ్లుగా నేను సరిగ్గా దానికి ఎదురు ఆలోచిస్తున్నాను, ఆ ఊరికి వెళ్లి ఉండిపోవాలని. నాకిప్పుడు 48 ఏళ్లు, ప్రభుత్వ ఉద్యోగం, సొంత ఇల్లు. మా అమ్మాయి అక్కడ చదువులో చేరాక ఐదుసార్లు వెళ్లాను. మొదటిసారి దాని సామాను దింపడానికి వెళ్లాను గానీ మిగతా నాలుగుసార్లూ నిజం చెప్పాలంటే ఊరి కోసమే వెళ్లాను.

ఈ మాట ఇంట్లో అంటే మా ఆయన "అక్కడ నీకేం పని?" అంటారు. ఆఫీసులో అయితే "ప్రమోషన్ మీద ట్రాన్స్‌ఫరా మేడమ్?" అని అడుగుతారు. మనవాళ్లకి ఊరు మారడానికి మూడే కారణాలు తెలుసు, ఉద్యోగం, చదువు, పెళ్లి. ఒక ఊరు నచ్చింది, అక్కడి నాటకాలు, లైబ్రరీలు, వీధులు, మనుషుల తీరు నచ్చాయి కాబట్టి వెళ్లి ఉంటాను అంటే దాన్ని ఒక కారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దీని గురించే ఈ ఉత్తరం.

ముంబయి మనకేం కొత్త కాదు. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ అంటారు, బతుకుదెరువుకి ఉన్న దారులు ఆ మూడే అని. పాలమూరు నుంచి వెళ్లినవాళ్లు అక్కడ మట్టి మోశారు, పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డారు. ముంబయిలో వేశ్యవాడగా పేరుపడ్డ కామాఠీపురా పేరు వినగానే జనం మొహం ముడుచుకుంటారు గానీ, ఆ పేరు వచ్చిందే 19వ శతాబ్దంలో తెలుగు నేల నుంచి కట్టడాల పనికి వెళ్లిన కామాఠీల వల్ల. ఆ ఊరి గోడల్లో మనవాళ్ల చెమట ఉంది. అప్పుడు గతిలేక వెళ్లాం, ఇప్పుడు ఇష్టపడి వెళ్తానంటే తప్పేముంది?

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఇంకా తెల్లవారకుండానే సీఎస్‌ఎంటీలో, అంటే పాత వీటీ స్టేషన్లో దింపేస్తుంది. మా అమ్మాయి నిద్ర లేచే టైమ్ కాదు కదా అని నేను స్టేషన్ బయట, రోడ్డుకి అవతల నిలబడి ఆ కట్టడాన్ని చూస్తూ ఉంటాను. 1888లో పూర్తయిందది. రాతిలో చెక్కిన నెమళ్లు, ఆకులు, జంతువుల మొహాలు ఎన్నిసార్లు చూసినా ఏదో ఒకటి కొత్తగా కనబడుతుంది. అక్కడి ఆర్ట్ స్కూల్ విద్యార్థుల చేత ఆ చెక్కడాలు చేయించారట. రోజూ లక్షలమంది తల ఎత్తకుండా పరిగెత్తే చోట పిల్లల చేతిపని అలా పైన ఉండిపోయింది.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే కాలా ఘోడా, అంటే నల్ల గుర్రం అనే పేటు. ఒకప్పుడు అక్కడ గుర్రం మీద ఇంగ్లండు యువరాజు విగ్రహం ఉండేది. 1965లో దాన్ని తీసేసి బైకుల్లా జూకి పంపేశారు, పేరు మాత్రం పోలేదు. 2017లో మళ్లీ ఒక నల్ల గుర్రాన్ని పెట్టారు, ఈసారి పైన రౌతు లేడు. ఆ చుట్టుపక్కల పది నిమిషాలు తిరిగితే చాలు, కాస్మోపాలిటన్ సిటీ అని మనం వాడే మాటకి అర్థం కాళ్లకే తెలుస్తుంది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం పేరు మీద డేవిడ్ సాసూన్ లైబ్రరీ, వెనక సందులో 1884 నాటి యూదుల ప్రార్థనా మందిరం, పక్కనే పార్సీల పేరు మీద 1952లో కట్టిన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. గ్యాలరీకి టికెట్ లేదు. చేతిలో కూరల సంచీతో లోపలికి వెళ్లినా ఎవరూ ఎగాదిగా చూడరు. నేను అలాగే వెళ్లాను. లైబ్రరీ పై అంతస్తు వరండాలో కాళ్లు చాపుకోవడానికి వీలైన పొడుగు చేతుల పాతకాలపు కుర్చీలు ఉంటాయి. గుమ్మం దగ్గర నుంచి చూస్తే ఒక పెద్దాయన పేపరు గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు, కింద ట్రాఫిక్ హోరు. రిటైరయ్యాక నేనెక్కడుండాలో నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

ఎడిటర్ గారూ, మీరు పేపర్లో పనిచేసేవారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. అక్కడే హార్నిమన్ సర్కిల్లో ఎర్ర రంగు బిల్డింగులో 'ముంబై సమాచార్' ఆఫీసు ఉంది. 1822లో ఒక పార్సీ ఆయన మొదలుపెట్టిన గుజరాతీ పత్రిక, ఇప్పటికీ వస్తోంది, ఆసియాలో ఆగకుండా నడుస్తున్న పత్రికల్లో అన్నిటికన్నా పాతది. మరాఠీ రాజధానిలో గుజరాతీ పత్రిక రెండు వందల ఏళ్లు దాటి నిలబడిందంటే నాకు ఎంత ముచ్చటేసిందో. దాని ఎదుట ఏషియాటిక్ సొసైటీ మెట్లు. సాయంత్రం ఆ మెట్ల మీద కాలేజీ పిల్లలు, ఆఫీసు వదిలినవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు, అందరూ ఊరికే కూర్చుంటారు. ఏమీ కొనకుండా, ఎవరి కోసమో చూస్తున్నట్టు నటించకుండా ఒక ఆడమనిషి గంటసేపు ఒంటరిగా కూర్చోగలిగిన చోటు మా ఊళ్లో గుడి తప్ప ఇంకొకటి ఉందేమో నాకైతే తోచడం లేదు.

నాటకాల గురించి రాయకపోతే ఈ ఉత్తరమే దండగ. జుహూలో పృథ్వీ థియేటర్ అని ఉంది, 1978లో శశికపూర్, ఆయన భార్య జెన్నిఫర్ కట్టించారు. చిన్నది, రెండు వందల సీట్లు. స్టేజికి మూడు వైపులా జనం కూర్చుంటారు. టైమ్ అయి తలుపు వేశారంటే ఎంతవారైనా బయటే. మేం ముందు వరుసలో కూర్చున్నాం. హిందీ నాటకం, ముసలి తండ్రి వేషం వేసినాయన చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, ఏడుపు ఆపుకుంటూ చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు, వేళ్లు వణికి ఆ గుండీ దూరడం లేదు. మాటల్లేవు, ఒక నిమిషం పైనే అలా. హాల్లో ఒక్క దగ్గు కూడా వినబడలేదు. నేను సినిమాలు చూసి ఏడ్చిన దాన్నే గానీ ఒక గుండీ చూసి ఏడవడం అదే మొదలు. బయటికొచ్చాక అదే మనిషి టీ కప్పు పట్టుకుని ఆవరణలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ఇంకోసారి నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో సింఫనీ విన్నాం. పాశ్చాత్య సంగీతం నాకు ఒక్క ముక్క రాదు. సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అని 2006లో పెట్టారు, మన దేశంలో మొదటి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా అదే. మొదలయ్యే ముందు ఓబో అనే సన్నాయిలాంటి వాయిద్యం వాయించే ఆమె ఒక స్వరం పట్టింది, మిగతా అందరూ ఆ స్వరానికి తమ వాయిద్యాలు సరిచేసుకున్నారు. అరే, ఇది మన శ్రుతి కలుపుకోవడమే కదా అనిపించింది, దాంతో బెరుకు పోయి తర్వాత రెండు గంటలూ కదలకుండా విన్నాను. కింగ్స్ సర్కిల్ దగ్గర షణ్ముఖానంద హాల్లో కర్ణాటక కచేరీ, దాదర్ శివాజీ మందిర్‌లో మరాఠీ నాటకం, ఇవన్నీ ఒకే ఊళ్లో, ఒకే లోకల్ పాస్ మీద. నాకు ఆశ పుట్టదా మరి?

లోకల్ ట్రైన్ గురించి ఆ పాఠకుడు రాసిందాంట్లో నేను కాదనగలిగేది లేదు. రోజూ ఆ పట్టాల మీద ప్రాణాలు పోతూనే ఉన్నాయి, అది ఆ ఊరికి తీరని మచ్చ. కానీ లేడీస్ డబ్బా ఎక్కనివారికి ఆ ఊరు సగమే తెలిసినట్టు. ఎక్కగానే కూర్చున్నవాళ్లని "కుఠే ఉతర్ణార్?" అని అడుగుతారు, ఎక్కడ దిగుతావు అని. దాదర్ అంటే ఆ సీటు అడిగినవాళ్లకి బుక్కయినట్టే, ఇక ఎవరూ దాని జోలికి రారు. ఒకామె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, ఒకామె కళ్లు మూసుకుని జపం చేసుకుంటోంది, బురఖా వేసుకున్న అమ్మాయి పక్కామె దగ్గర దువ్వెన అడిగి తీసుకుంది. నేను నిలబడి ఊగిపోతుంటే ఒకావిడ "తాయీ, యేథే బసా" (అక్కా, ఇక్కడ కూర్చోండి) అని జరిగి నాలుగో మనిషికి అంగుళం చోటు ఇచ్చింది. ముగ్గురి సీటులో నలుగురు కూర్చోవడం అక్కడి ధర్మం. రాత్రి పదకొండింటికి నేనూ అమ్మాయీ నాటకం చూసి అదే డబ్బాలో తిరిగొచ్చాం, నిండా ఆడవాళ్లే. నాకు ఒక్క క్షణం కూడా టెన్షన్ అనిపించలేదు.

"పుఢీల్ స్టేషన్... అగ్లా స్టేషన్... నెక్స్ట్ స్టేషన్" అని మూడు భాషల్లో చెప్పే ఆ గొంతు దగ్గరే నేను మరాఠీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఆఫీసులో భోజనాల టైమ్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకుంటున్నాను. ఆ ఊళ్లో భాష గొడవలు జరుగుతున్నాయని చదువుతూనే ఉన్నాను. కొట్టడం, బెదిరించడం ఎవరు చేసినా తప్పే. కానీ ఒక ఊరిని ఇష్టపడి వెళ్తున్నామని చెప్పుకుంటూ ఆ ఊరి భాష పది మాటలు కూడా నేర్చుకోకపోవడం నాకు బాగా అనిపించదు. మన ఊరికి వచ్చి పదేళ్లు ఉన్నవాళ్లు తెలుగు ముక్క రాదంటే మనకి ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

మెట్రో సినిమా దగ్గర ఒక ఇరానీ కేఫ్ ఉంది, 1904 నాటిది. చెక్క కుర్చీలు, గాజు సీసాల్లో ఖారీ బిస్కెట్లు. బన్ మస్కా తీసుకుని టీలో ముంచితే వెన్న కరిగి చిన్న చిన్న పసుపు చుక్కలుగా పైన తేలుతుంది, అది చూస్తూ నేను కొన్నిసార్లు తాగడం మర్చిపోయాను. అక్కడ కూర్చునే ఆ రోజు అమ్మాయికి చెప్పాను, వాలంటరీ రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తున్నానని. అది నవ్వలేదు. "మరి ఏ లోకల్ ట్రైన్ లైన్‌లో ఉంటావు అమ్మా, వెస్టర్నా సెంట్రలా?" అని అడిగింది.

అదే సాయంత్రం బాంద్రాలో మౌంట్ మేరీ చర్చికి తీసుకెళ్లింది. చర్చి బయట చిన్న చిన్న కొట్లలో మైనంతో చేసిన బొమ్మలు అమ్ముతారు. చెయ్యి నొప్పి ఉన్నవాళ్లు మైనం చెయ్యి, పిల్లలు కావాలనుకునేవాళ్లు మైనం పాప, ఇల్లు కావాలనుకునేవాళ్లు మైనం ఇల్లు కొని మేరీమాతకి ఇచ్చుకుంటారు. హిందువులు, ముస్లింలు, అందరూ. బొట్టు పెట్టుకున్న ఒక ముసలామె రెండు మైనం కాళ్లు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద అలుపు తీర్చుకుంటోంది. నేను ఇల్లు కొన్నాను. అరచేతిలో పట్టేంత ఇల్లు, రెండు కిటికీలు, వాలు పైకప్పు. నేను మొక్కులు మొక్కే మనిషిని కాను. అయినా దాన్ని అక్కడ పెట్టేటప్పుడు చేతులు వాటంతటవే జోడయ్యాయి.

కలలు కంటున్నానే గానీ కళ్లు మూసుకుని మాత్రం లేను. వన్ ఆర్‌కే అంటే ఒక గది, ఒక వంటిల్లు అని, అద్దె పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్ మీద నడుస్తుందని, నెలనెలా అద్దె బదులు ఒకేసారి పెద్ద మొత్తం కట్టే హెవీ డిపాజిట్ పద్ధతి ఉందని అన్నీ కనుక్కున్నాను. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిందనీ తెలుసు. అన్నిటికన్నా బాధపెట్టింది ఒక హౌసింగ్ సొసైటీలో గది చూడబోయినప్పుడు జరిగింది. అక్కడి సెక్రటరీ మా పేర్లు అడక్కముందే మాంసం తింటారా అని అడిగాడు, తింటాం అనగానే మాట మార్చేశాడు. మతం చూసి, తిండి చూసి ఇల్లు ఇవ్వని మనుషులు అంత పెద్ద ఊళ్లోనూ ఉన్నారు, అది నన్ను నిజంగా నొప్పించింది. అలా అని ఆ ఊరంతా ఆయనే కాదు కదా. లోకల్‌లో నాకు అంగుళం చోటిచ్చిన ఆవిడ నేనేం తింటానని అడగలేదు.

ఎడిటర్ గారూ, చిన్న విన్నపం. ముంబయి గురించి మన పేజీల్లో వరదలు, షేర్లు, సినిమా తారల పెళ్లిళ్లు తప్ప ఇంకేం రావు. అక్కడ తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లున్నారు, దాదర్లో ఆంధ్ర మహాసభ ఉంది, వర్లీ చాల్స్‌లో, అంటే కార్మికుల ఒంటిగది ఇళ్ల బిల్డింగుల్లో పుట్టి పెరిగినవాళ్లున్నారు. ఆదివారం పేజీలో వాళ్ల చేత రాయించండి, ఊరి గురించి, రోజువారీ బతుకు గురించి. ఈ ఉత్తరం చదివే ముంబయి తెలుగువారు ఎవరైనా ఉంటే, మాటుంగా, మాహీం వైపు ఒంటరి ఆడవాళ్లకి అడ్డం చెప్పకుండా వన్ ఆర్‌కే ఇచ్చే పాత బిల్డింగులు ఉన్నాయా, డిపాజిట్ ఎంత అడుగుతారు, వానాకాలంలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవచ్చా, ఈ మూడు సంగతులు పేపరుకే రాయండి, నాలాంటివాళ్లు ఇంకొందరు కూడా చదువుకుంటారు. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో కాలా ఘోడా ఆర్ట్స్ ఫెస్టివల్ తొమ్మిది రోజులు జరుగుతుంది, ఈసారి ఆ తొమ్మిది రోజులకీ సెలవు పెట్టాను. మా ఆయన కూడా రెండు రోజులు వస్తానన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు