నైరోబీ సింహాలకు మిగిలిన ఒక్క దారి

సంపాదకుల వారికి నమస్కారం.

పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరంలో నైరోబీ చుట్టుపక్కల చూడదగిన చోట్ల గురించి ఈ మధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. తొమ్మిదేళ్లుగా ఈ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, ఊరి నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఆ చోట్లకు తిప్పుతున్నవాణ్ణి కనుక, నైవాషా సరస్సులో పడవ షికారు గురించి, హెల్స్ గేట్ జాతీయ పార్కులో జీబ్రాల మధ్య సైకిల్ తొక్కడం గురించి, కరూరా అడవిలో నడక గురించి రాసినదంతా నిజమేనని చెప్పగలను. నైరోబీ నేషనల్ పార్కును మాత్రం నగరం పక్కనే ఉన్న ఒక పెద్ద జూ అన్నట్టుగా రెండు ముక్కల్లో తేల్చేశారు. కొన్నేళ్లుగా ఆ పార్కును నిజంగానే జూ స్థితికి దిగజారుస్తున్నారు. అందులో మనవాళ్ల డబ్బు కూడా పడబోతోందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

1946లో ఏర్పడిన ఈ పార్కు కెన్యాలో మొట్టమొదటి జాతీయ పార్కు. నగరం నడిబొడ్డు నుంచి ఏడు కిలోమీటర్లే. విస్తీర్ణం సుమారు 117 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న చోట ఏనుగులు లేకపోయినా సింహం, చిరుత, అడవి దున్న, నల్ల ఖడ్గమృగం అన్నీ బతుకుతున్నాయి. పార్కుకు మూడు వైపులే కంచె ఉండి దక్షిణం వైపు తెరిచి ఉండడం ఇందుకు ముఖ్యమైన కారణం. అటు ఎంబగాతి నది దాటితే కిటెంగెలా మైదానాలు. వానలు పడగానే జీబ్రాలు, దున్నల్లా కనిపించే పెద్ద జింకలైన వైల్డెబీస్ట్‌లు నది దాటి ఆ పొట్టి గడ్డి బీళ్లలోకి వెళ్లి మేస్తాయి, అక్కడే ఈనుతాయి. ఎండలు ముదిరి అక్కడి నీళ్లు ఇంకిపోయాక మళ్లీ పార్కులోకి వస్తాయి. వాటి వెనకే సింహాలూ వెళ్లి వస్తుంటాయి. ఎగువ నుంచి వాగు పారితేనే చెరువు నిండుతుంది. ఆ వాగులో ప్లాట్లు వేసుకుని, చెరువు గట్టును మాత్రం ముస్తాబు చేసి బోటింగ్ పెట్టుకున్న ఊళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీ పాఠకులకు తెలుసు. ఈ పార్కుకు కిటెంగెలాయే ఆ వాగు.

1970ల చివరలో ఆ మైదానాల్లో 25 వేలకు పైగా ఉన్న వైల్డెబీస్ట్‌లు 2011 నాటికి 5 వేల లోపుకు పడిపోయాయి. అక్కడ పశువులు మేపుకుని బతికే మాసాయి తెగవారి ఉమ్మడి భూములు 1980ల చివర నుంచి విడివిడి పట్టాలయ్యాయి, ఆ పట్టాలు ముక్కలయ్యాయి, ప్రతి ముక్క చుట్టూ ముళ్లతీగ లేచింది. పార్కు మీదుగా వేసి 2019లో ప్రారంభించిన రైలు వంతెన గురించి చాలా గొడవ జరిగింది, జరగవలసిందే కూడా. కానీ ఆ స్తంభాల కిందినుంచి జంతువు ఎలాగో నడిచిపోగలదు, ముళ్లతీగలోంచి పోలేదు. నిరుడు కిటెంగెలా శివారులో కొత్తగా వేసిన ఒక కంచె వెంట నాలుగు జీబ్రాలు ఆ మూల నుంచి ఈ మూలకు, మళ్లీ వెనక్కి, చీకటి పడేదాకా నడుస్తూనే ఉండడం నా కళ్లతో చూశాను. మన నల్లరేగడి లాంటి ఆ నేలలో కంచె పొడుగునా గిట్టలకు అరిగి ఒక బాట ఏర్పడింది. తీగ ముల్లుకు తోక వెంట్రుకలు గుప్పెడు చిక్కుకుని ఉన్నాయి.

ఆ కంచెల లోపల అమ్మేవి ‘50 బై 100’ అడుగుల ఇళ్ల ప్లాట్లు. ఉగాదికి ఇక్కడి మనవాళ్లం కలిసినప్పుడు, లీజు మీద ఒకటి తీసిపెట్టుకుంటే రేపు రెట్టింపవుతుందన్న మాట ఇద్దరు ముగ్గురి నోట విన్నాను. శనివారం సింహాన్ని చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లి, సోమవారం ఆ సింహం నడిచే దారికి బయానా ఇవ్వడం నాకు మింగుడు పడలేదు.

భూమి అమ్ముకున్న మాసాయిలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి సింహం వచ్చి ఆవును చంపితే పోయేది ఆ ఇంటి పిల్లల బడి ఫీజు. 2012 జూన్‌లో కిటెంగెలాలో మందల మీద పడ్డ సింహాలను ఆరింటిని చంపింది ఆ కడుపుమంటతోనే. 2000లో మొదలైన ఒక పథకం కింద కంచె వేయకుండా, భూమి అమ్మకుండా ఉన్న కుటుంబాలకు ఎకరాకు ఏడాదికి 4 డాలర్ల చొప్పున, సరిగ్గా ఫీజులు కట్టే సమయానికి అందేలా ఇచ్చారు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా తెలివైన ఆలోచన మరొకటి లేదు. దాతల సొమ్ము మీద నడిచింది కాబట్టి నిలకడగా సాగలేదు. పార్కు గేటు దగ్గర మనం కట్టే టికెట్ డబ్బు మాత్రం నది అవతల కంచె వేయకుండా ఓర్చుకుంటున్న ఆ కుటుంబాలకు నేరుగా చేరదు.

అందుకే ఇక్కడికి వచ్చే తెలుగువారికి నా మనవి ఒకటుంది. పొద్దున పార్కు చూసుకున్నాక మిగిలిన సగం రోజు షాపింగ్ మాల్‌లో గడపకుండా నది అవతలికి వెళ్లండి. మాసాయిలు తమ భూములను కలిపి వన్యప్రాణులకు వదిలిన చోట్లు అక్కడ ఉన్నాయి. వాళ్ల మనిషినే తోడు తీసుకుని నడవండి, భోజనానికీ బసకూ పెట్టే ఖర్చు వాళ్ల చేతిలో పెట్టండి. ఆవులు కాసే ఇంటికి జీబ్రా వల్ల కూడా నాలుగు డబ్బులు వస్తే కంచె వేసే తొందర తగ్గుతుంది. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు జంతువులు తిరిగే దారిలో ప్లాటు కొనే ఆలోచన మానుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

మీ పత్రిక ఆ వ్యాసాన్ని ఎప్పుడైనా తిరిగి వేసేటట్టయితే, ఎంబగాతి నదికి అవతల ఏముందో చెప్పే ఒక్క పేరా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
నైరోబీ