నిమ్మకాయ వెతకొద్దు, కొళాయి తిప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఇంటి చిట్కాల శీర్షికలో, సింకు పైపు జామ్ అయితే కాస్టిక్ సోడా పలుకులు వేసి మీద సలసల కాగే నీళ్లు పోయమన్నారు. చేతి మీద పడితే నిమ్మరసమో వెనిగరో రాసుకుంటే చాలన్నారు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, నీళ్లలో కరిగేటప్పుడు తనంతట తానే బాగా వేడెక్కుతుంది. దాని మీద కాగే నీళ్లు గుమ్మరిస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ముందు చల్లటి నీళ్లు, తర్వాత అందులో కొద్దికొద్దిగా సోడా. ఈ వరస తప్పకూడదు. (చేరిన కొత్తలో తొందరపడి నేనూ తప్పాను. గాగుల్స్ పెట్టుకున్నాను కాబట్టి చొక్కాతో పోయింది.) మామూలు కళ్లద్దాలు సరిపోవు, పక్కల నుంచి తుంపర్లు దూరుతాయి. రబ్బరు గ్లౌజులు ఎలాగూ తప్పవు. కలిపే పాత్ర అల్యూమినియంది అసలే కాకూడదు. సోడా ఆ లోహాన్ని తినేస్తుంది, అప్పుడు వెలువడే హైడ్రోజన్ నిప్పు తగిలితే అంటుకుంటుంది. సోడాతో పైపు తెరుచుకోలేదని వెంటనే యాసిడ్ పోయడం ఇంకో పొరపాటు.

ఇక నిమ్మరసం సంగతి. క్షారానికి ఆమ్లం విరుగుడని బళ్లో చదివినవాళ్లకు ఇది సబబుగానే తోస్తుంది. కానీ ఆ రెండూ కలిసినప్పుడు కూడా వేడి పుడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, నిమ్మకాయ కోసం వెతికే ఆ రెండు నిమిషాలు. పైపులో జిడ్డును సబ్బు చేసినట్టే సోడా మన చర్మంలోని కొవ్వునూ సబ్బు చేస్తుంది. వేళ్లు జారుతున్నట్టు అనిపించేది అందుకే. ద్రావణం పలచగా ఉంటే మంట వెంటనే తెలియకపోవచ్చు. ఏమీ కాలేదులే అనుకుంటూ ఉండగానే అది లోపలికి దిగుతూ ఉంటుంది. పొడి పలుకులు అంటుకుంటే దులిపేసి, సోడా పడిన బట్టలు, ఉంగరాలు తీసేసి, కొళాయి ధార కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. గోడ గడియారం చూసి 20 నిమిషాలు. ఆ సమయంలో రెండు నిమిషాలే పదిలా అనిపిస్తాయి.

కంట్లో పడితే క్షణం ఆగకూడదు. రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని కనీసం అరగంట నీళ్లు ధారగా పోయాలి. కాంటాక్ట్ లెన్సులుంటే కడుగుతూనే తీసేయాలి. మంట తగ్గినా కంటి డాక్టరు చూడాల్సిందే. మింగినవాళ్లకు వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు కాల్చిన అన్నవాహికను ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి ఉమ్మించి, సోడా డబ్బా వెంట పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి.

అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే గొంతు డాక్టరు ఉండేవాడు. ఇళ్లలో ఉంచిన ఇలాంటి సోడానే మింగి, అన్నవాహిక మూసుకుపోయిన పసిపిల్లలకు వైద్యం చేసి చేసి, డబ్బాల మీద విషమని రాయాల్సిందేనని ఏళ్లపాటు పట్టుబట్టాడు. 1927లో అక్కడ చట్టం వచ్చింది. అక్షరాలు సరే, మరి విడిగా తెచ్చుకున్న సోడాను నీళ్లలో కలిపి, మిగిలింది ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసి సింకు కిందే పెడితే? చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, వాసన కూడా రాదు. దాహమేసిన పిల్లవాడు ఏమని గుర్తుపడతాడు?

వచ్చే ఆదివారం అదే శీర్షికలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. లోపలి పేజీ మూలన రెండు లైన్లు సరిపోవు. ఆ చిట్కాను కత్తిరించి వంటింట్లో అంటించుకున్నవాళ్లు ఉంటారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు