ఇంటర్ లెక్కల్లో ఈ ఒక్క మాట చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమలాపురంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా పేపర్లు దిద్దేటప్పుడు అవే తప్పులు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌ని ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అనేస్తారు, లాగ్ ఆఫ్ ఏ ప్లస్ బీని రెండు లాగ్‌లుగా విడగొడతారు, రెండు మాత్రికల (సంఖ్యల పట్టికల) మొత్తానికి నిర్ధారకం, అంటే ఆ పట్టిక నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య, అడిగితే విడివిడిగా కట్టి కూడేస్తారు. భీమవరం, కాకినాడ వైపు పనిచేసే తోటి లెక్చరర్లదీ ఇదే గోడు. ఫార్ములాలు బట్టీ పట్టలేదని పిల్లల్ని తిడతాం గానీ, చెప్పాల్సిన అసలు మాట మనమే చెప్పడం లేదు.

ఒక ప్రమేయం (ఫంక్షన్, అంటే ఒకటి ఇస్తే దానికి తగ్గ ఇంకోటి ఇచ్చే నియమం) దేన్ని చెడగొట్టకుండా అవతలికి చేరుస్తుంది? అదీ ఆ మాట. వర్గం చేయడం గుణకారాన్ని కాపాడుతుంది, కూడికను కాపాడదు. నిర్ధారకమూ అంతే. లాగ్ అయితే గుణకారాన్ని కూడికగా మార్చి చేరుస్తుంది. ఇలా నిర్మాణాన్ని, అంటే కూడిక, గుణకారం లాంటి కలయికల తీరును, కాపాడే ప్రమేయాన్ని హోమోమార్ఫిజం అంటారు.

తొమ్మిదితో సరిచూసుకునే పాత పద్ధతి తీసుకోండి. 347ని 28తో గుణిస్తే 9716. అంకెలు కూడుకుంటూ పోతే 347 నుంచి 5, 28 నుంచి 1 వస్తాయి, వాటి లబ్ధం 5. 9716 నుంచీ 5 వస్తుంది. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం కూడికనూ గుణకారాన్నీ రెండింటినీ కాపాడుతుంది కాబట్టే ఇది పనిచేస్తుంది. కానీ పొరపాటున 9761 అని రాసినా 5 వస్తుంది, తప్పు దొరకదు. కొంత కాపాడుతుంది, కొంత పోగొడుతుంది, ఆ రెండూ పిల్లలకు తెలియాలి.

1945లో ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఈ ఆలోచననే ఇంకా ముందుకు తీసుకెళ్లి కేటగిరీ థియరీకి పునాది వేశారు. కేటగిరీ అంటే కొన్ని వస్తువులు, వాటి మధ్య బాణాలు. ఒక బాణం చివర ఇంకోటి తగిలిస్తే అదీ బాణమే, మూడింటిని కలిపేటప్పుడు బ్రాకెట్ ఎక్కడ పెట్టినా తేడా రాదు, ప్రతి వస్తువుకూ ఒక తత్సమ బాణం, అంటే దేనికి తగిలించినా దాన్ని మార్చనిది, ఉంటుంది. మన పిల్లలు సంయుక్త ప్రమేయాల (ఒక ప్రమేయం ఇచ్చినదాన్ని ఇంకో ప్రమేయానికి అందించడం) దగ్గర చదివేది ఇదే కదా! ఒక కేటగిరీలోని వస్తువుల్నీ బాణాల్నీ ఇంకో కేటగిరీకి, ఆ కలయికలూ తత్సమ బాణాలూ చెడకుండా, చేర్చేదాన్ని ఫంక్టర్ అంటారు. మన డెల్టా కాలువల లైన్ చిత్రమూ అలాంటిదే, చూడండి, ధవళేశ్వరం దగ్గర్నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు గీతలుంటాయి, అందులో కాలువ వంపులూ వెడల్పులూ ఉండవు గానీ ఏది దేన్నుంచి చీలిందో, నీరు ఎటు పోతుందో మాత్రం తప్పదు.

ఇంటర్‌లో కేటగిరీ థియరీ పెట్టమని నేననడం లేదు, ఉన్న సిలబస్ టెన్షనే పిల్లలకు చాలు. ప్రతి కొత్త ప్రమేయం దగ్గరా ఇది కూడికను కాపాడుతుందా, గుణకారాన్ని కాపాడుతుందా అని రెండు ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో చేరిస్తే చాలు. సంకీర్ణ సంఖ్యల (కాంప్లెక్స్ నంబర్ల) సంయుగ్మం, అంటే ఊహా భాగానికి గుర్తు మార్చడం, దగ్గర రెండింటికీ అవుననే వస్తుంది. వాస్తవ గుణకాలున్న సమీకరణానికి సంకీర్ణ మూలాలు జంటలుగా రావడానికి కారణం అదే, అది చెవిన పడకుండానే చాలామంది పిల్లలు ఇంటర్ దాటిపోతున్నారు.

– ఒక లెక్కల లెక్చరర్, అమలాపురం