బొంత గురించి అడిగావు కదా

తిరుపతి

ఏమే,

ఫోన్లో మాట్లాడుకుంటే సగం మాటలు పిల్లల కేకల్లోనే కొట్టుకుపోతున్నాయి. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నా. రెండో కాన్పు అని నువ్వు చెప్పినప్పట్నుంచీ నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. శ్రావణానికల్లా నిన్ను చిత్తూరుకి తీసుకొచ్చేస్తానని మీ అమ్మ మొన్న ఫోన్ చేసి చెప్పింది. చిత్తూరంటే ఎంత, బస్సెక్కితే రెండు గంటల్లోపే. వారం వారం వచ్చి కూర్చుంటా.

నువ్వు పంపిన జాబితా చూశాను. పరుపు, దోమతెర, డైపర్ల పెద్ద ప్యాకెట్లు, డబ్బా పొడులు, స్నానానికి ఏవేవో సీసాలు... ఇంటి లోను కట్టుకుంటూ, లీవు అయిపోయాక బిడ్డని ఎవరు చూస్తారా అని టెన్షన్ పడుతూ, ఇవన్నీ కొనాలని ఎవరు చెప్పారే నీకు? సగం కొట్టేయొచ్చు. దోమతెర మాత్రం ఉంచు, దాని దగ్గర పొదుపు వద్దు. డైపర్లు ప్రయాణానికీ రాత్రికీ కాసిని పెట్టుకో. పగటి పూట మీ నాన్న పాత పంచెలు చింపిన గుడ్డలు చాలు. వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే అంతకన్నా శుభ్రమైనవి దొరకవు. ఊయలకి మీ అమ్మ నూలు చీర ఒకటి చాలు. హుక్కు గట్టిగా ఉందో లేదో మీ ఆయన్ని లాగి చూడమను, నేలకి మరీ ఎత్తుగా కట్టొద్దు, మీ పెద్దదాన్ని ఒంటరిగా ఊపనివ్వొద్దు. ఇక పరుపు బదులు బొంత.

బొంత గురించి వివరంగా అడిగావు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తా. తిరుపతిలో కాపురం అంటే నీకు తెలుసు, కొండకి వచ్చే చుట్టాలు ఏడాది పొడుగునా దిగుతూనే ఉంటారు. తెల్లారుజామున దర్శనం ఉన్నవాళ్ళు హాల్లో వరసగా పడుకుంటారు. గుండ్లు చేయించుకొచ్చిన పిల్లలు తలకి గంధం పూసుకుని వాళ్ళ మధ్యలో దొర్లుతుంటారు. ఎంతమంది వచ్చినా పక్కలకి తడుముకోకుండా మా బీరువా పైన బొంతలు మడతపెట్టి ఉంటాయి. అవన్నీ మా అత్త చేతివి. ఆమె పక్కన కూర్చునే నేనూ నేర్చుకున్నా.

నూలు చీరలే కావాలి. వాయిల్ చీరలు, పాత వెంకటగిరి చీరలు, ఉతికి ఉతికి మెత్తబడ్డవి దొరికితే ఇంకేం కావాలి. పాలిస్టరు, జార్జెట్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టెయ్. అవి చెమట పీల్చవు, కుట్టేటప్పుడు పొరలు జారిపోతాయి. జరీ అంచు ఉంటే కత్తిరించెయ్, పసి ఒంటికి గీరుకుంటుంది. ఫాల్ ఊడదియ్యి. చినిగిందీ వెలిసిందీ లోపలికి, గట్టిగా ముదురు రంగులో ఉన్నది పైకి. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది కదా, పొడుగున నాలుగు మడతలు వేస్తే మీటరున్నరకి కాస్త తక్కువ వస్తుంది. రెండు చీరలు అలా మడిచి ఒకదాని మీద ఒకటి వేస్తే ఎనిమిది పొరలు. పసిబిడ్డకి సరిగ్గా సరిపోయే బొంత అదే.

గంజి లేకుండా ఉతికి, మిద్దె మీద ఎండలో కరకరలాడేలా ఆరేసి, సాయంత్రం నీడ పడ్డాక చాప మీద పరువు. నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, అరచేత్తో మధ్యలోంచి బయటికి ముడతలు తోసుకుంటూ రా. ముందు మధ్య నుంచి అంచులకి పెద్ద పెద్ద టాకాలు వేస్తే పొరలు కదలవు. అసలు కుట్టు మాత్రం అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి పోవాలి. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంటే చాలు. దారం మరీ పొడుగ్గా తీసుకోకు, మూరెడు చాలు, లేకపోతే చిక్కులు విప్పడానికే పొద్దు సరిపోతుంది. టాకాలు చివర్లో లాగెయ్.

గీతలు కొట్టడం మా ఇంట్లో పిల్లల పని. నూలు దారానికి ముగ్గుపిండి బాగా పట్టించి, ఒక కొస పెద్దోడూ ఇంకో కొస నేనూ బిగించి పట్టుకుంటాం. చిన్నది వచ్చి మధ్యలో దారాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదులుతుంది. టప్ మని బట్ట మీద తెల్లగా, తిన్నగా గీత పడుతుంది. వడ్రంగులు కొయ్య మీద కొట్టేదీ ఇలాగే. గీత పడ్డ ప్రతిసారీ ఇద్దరూ చప్పట్లు కొడతారు, "ఇంకోటి, ఇంకోటి" అంటారు. నేను ఆ గీత వెంబడే సూది నడుపుతా. అయిపోయాక దులిపితే ముగ్గుపిండి పోతుంది. సూదులు మాత్రం లేచే ముందు లెక్కపెట్టి డబ్బాలో వేసి, డబ్బా బీరువా పైన పెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను చాలా కచ్చితం.

నీకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. "పిల్లలు పడుకున్నాక చేసుకుందాంలే" అని ఏ పనీ దాచుకోకు. వాళ్ళు పడుకునేసరికి మన ఒంట్లో ఏం మిగలదు. మిగిలిన ఆ కాస్తా నిద్రకి పోవాలి, కుట్టుకి కాదు. వాళ్ళు లేచి ఉన్నప్పుడే పని నడిమింట్లో పెట్టుకో. ఆరేళ్ళ వాడికి ఆరేళ్ళ పని, రెండేళ్ళ దానికి రెండేళ్ళ పని ఇవ్వు. పని నెమ్మదిగా సాగుతుంది, నిజమే. బొంతకి నెల పట్టొచ్చు. పట్టనీ. నెల రోజులు సాయంత్రం పూట వాళ్ళు సెల్లు అడగలేదంటే అంతకన్నా ఏం కావాలి నాకు?

ఇంకో మాట. బొంత బిడ్డ కింద పరవడానికే. నేల మీదో, గట్టి మంచం మీదో తిన్నగా పరువు. పసిబిడ్డ మీద బరువుగా కప్పొద్దు, చుట్టూ దిండ్లు పేర్చొద్దు, వెల్లకిలా పడుకోబెట్టు. దిండ్లు పెట్టకపోతే బిడ్డ ఉలిక్కిపడుతుందని మా అత్త బాధ. పిల్లల డాక్టరమ్మ మాత్రం ఊపిరికి అడ్డం పడతాయి, వద్దని చెప్పింది. నేను డాక్టరమ్మ మాటే పట్టుకున్నా. కాటుక కూడా అంతే. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసిందైనా సరే, కంట్లో పెట్టొద్దు. దిష్టికని అరికాల్లో చుక్క పెడితే పెద్దవాళ్ళకీ తృప్తి. ఇంట్లో చేసినంత మాత్రాన అన్నీ మంచివే అనుకోను నేను.

రాగుల సంగతికి వద్దాం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేం వద్దు, ఎవరేం చెప్పినా నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత డబ్బా పొడులకి డబ్బులు ఎందుకు పోస్తావు, సంగటి తిని పెరిగినదానివి? 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి పదో వంతు కూడా ఉండదు. రాళ్ళు లేకుండా గాలించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు వంపేసి పల్చటి తడిగుడ్డలో మూట కట్టు. గుడ్డ ఆరిపోతే నీళ్ళు చిలకరిస్తూ ఉండు. మన వైపు వేడికి మర్నాటికల్లా తెల్లటి మొలకలు గుడ్డని పొడుచుకుని బయటికొస్తాయి. మా చిన్నది ఆ మూట చుట్టూ తిరుగుతూ వేలితో తాకి తాకి చూస్తుంది. బాగా ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు, మాడనివ్వకు. అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే మొలకలు రాలిపోతాయి. మిషన్‌కి తీసుకెళ్తే మిరప్పొడి పట్టించేవాళ్ళ వెనకాల మాత్రం నిలబడకు. బియ్యం ఆడించినాయన తర్వాత ఇవ్వు. ఇంటికి తెచ్చాక పల్చటి గుడ్డలో వస్త్రగాళితం పట్టుకో.

మొలకెత్తేటప్పుడు గింజలో పిండిని విడగొట్టే ఎంజైములు పుడతాయట. అందుకే ఈ పిండితో కాచిన జావ మామూలు రాగిజావలాగా ముద్ద కట్టదు, జారుగా ఉంటుంది. అంటే అదే పల్చదనానికి ఇంకాస్త పిండి వేయొచ్చు, అంత చిన్న పొట్టలోకి ఎక్కువ బలం పోతుంది. చదువు రాని మా అవ్వలు మొలకలు కట్టి పిండి చేశారంటే ఊరికే కాదు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో. తీపి కోసమని ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచు.

ఇప్పుడు మీ పెద్దదాని గురించి. నీ ఉత్తరంలో దాని మాటే తక్కువ ఉంది, నాకు దిగులంతా దాని మీదే. ఇంట్లోకి చంటిది రాగానే పెద్దబిడ్డ చేతులు ఖాళీ అయిపోతాయి. "ముట్టుకోకు, అరవకు, అటు పో" అనే మాటలే దాని చెవిన పడతాయి. అందుకని దానికంటూ ఒక పని ఇప్పట్నుంచే మొదలుపెట్టు. మా పెద్దోడికి కాళహస్తిలో కలంతో బట్ట మీద బొమ్మలు గీసే కలంకారీ వాళ్ళు వాడే నల్లరంగు చేసి ఇచ్చా. ఖర్చంటూ పెద్దగా లేదు. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, కొంచెం తాటిబెల్లం, నీళ్ళు, ఒక మట్టికుండ. మూత పెట్టి రెండు మూడు వారాలు పక్కన ఉంచితే పులిసి రంగు తయారవుతుంది. దాన్నే కసిమి అంటారు. పిల్లలకి అందని ఎత్తులో పెట్టు, నోట్లో పెట్టుకునేది కాదు. వాసన కూడా ఘాటుగా ఉంటుంది, మిద్దె మీద పెట్టుకుంటే మేలు.

నాటుమందుల అంగట్లో కరక్కాయ పొడి దొరుకుతుంది. బర్రెపాలలో కలిపి, అందులో తెల్లటి నూలుగుడ్డ నానబెట్టి, పిండి ఆరేస్తే లేత పసుపు రంగుకి వస్తుంది. పాలలో ఉన్న వెన్న వల్ల రంగు అటూ ఇటూ పాకదు. వెదురుపుల్ల కొన చెక్కి, కాస్త పైన గుడ్డపీలిక చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఆ పీలికని రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్ళతో మెల్లగా నొక్కాలి. పుల్లతో గీసినప్పుడు గీత వెలిసినట్టే ఉంటుంది. కరక్కాయలోని వగరూ కుండలోని ఇనుమూ కలిసి చూస్తుండగానే నల్లబడుతుంది. మా వాడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఒక ఏనుగు గీశాడు, తొండం కాళ్ళకన్నా పొడుగు. దానితో దిండుగలీబు కుట్టా. వాడి దిండు మీద ఇంకెవరూ తల పెట్టకూడదు ఇప్పుడు. మీ దానికి మూడేళ్ళే కాబట్టి గీయడం నువ్వు చెయ్యి, చుక్కలు దాంతో పెట్టించు.

అన్నట్టు, మేలో గంగజాతర అయింది కదా. ఆ రోజుల్లో నువ్వు ఇక్కడ ఉంటే ఎంత బాగుండేది! యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వూ నేనూ తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా నడిచి, మొక్కుకున్నవాళ్ళు వేసే వేషాలు చూసొచ్చేవాళ్ళం, గుర్తుందా? ఈసారి పెద్దోడికి మొక్కు ఉంది, వేషం వేయించాం. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. వాడిది మెత్తటి చర్మం, కుంకుమకి కందిపోతుందేమో అని దొర వేషమే అనుకున్నాం. ముందురోజే మోచేతి లోపల కాస్త గంధం రాసి చూశా. అద్దె డ్రస్సులు దొరుకుతాయి కానీ నాకు మనసొప్పలేదు. వేపమండలు తెచ్చి, లేత రెమ్మలు ఏరి, నడుముకి కట్టుకునే పాత నూలుపీలికకి ఒక్కొక్కటే కుట్టాం. మెడలోకి నిమ్మకాయల దండ గుచ్చి ఇచ్చింది మా అత్త. గంధం చిన్నది పూసింది అన్నకి, వీపంతా, రెండు చేతుల్తో. వాడు కదలకుండా నిలబడ్డాడు చూడు, ఆ కాసేపూ వాడు నిజంగానే దొర.

ఇంకా కుంకుడుకాయలూ, సున్నిపిండీ, మామిడి తాండ్రా చాలా ఉన్నాయి కానీ అవన్నీ మీ అమ్మకే నాకన్నా బాగా తెలుసు. ఆమెని అడిగి రాసి పెట్టుకో, ఇద్దరి తరఫునా అడుగుతున్నా.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. మీ అమ్మ పెట్టెలో ఉన్న నూలు చీరలన్నీ మంచం మీద పరిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని చెప్పు. ఏది పైకి, ఏది లోపలికి, ఏది ఊయలకి అని నేను గుర్తు పెట్టి పంపిస్తా. ఆ పచ్చ అంచు వాయిల్ చీర మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యొద్దని గట్టిగా చెప్పు. సీమంతం ఏ రోజు పెట్టుకున్నారో ఖాయం కాగానే రాయి, మా ఆయన సెలవు పెట్టాలి. మందులు మానకు, పగలు ఒక గంటైనా నడుం వాల్చు.

నీ స్నేహితురాలు