సన్నగీతల అక్షరాన్ని శీర్షికలకే ఉంచండి

సంపాదకులకు,

పేజీలు కూర్చే పనిలో ఉన్నదాన్ని. బొడోని, డిడో అనే ఇంగ్లిష్ అచ్చు అక్షరాలంటే నాకు ప్రాణం. పెద్ద సైజులో బొడోని 'హెచ్' చూడండి: నిలువు గీతలు దిట్టంగా ఉంటాయి, వాటిని కలిపే అడ్డగీత, చివర్ల సెరిఫ్‌లు (కొసలకు ఉండే చిన్న గీతలు) మాత్రం వెంట్రుకంత సన్నం. 18వ శతాబ్దం చివర్లో పార్మాలో జాంబట్టిస్టా బొడోని, పారిస్‌లో డిడో కుటుంబం ఈ తీరుకు రూపమిచ్చారు. నున్నటి కాగితం మీద ఎంత బాగుంటాయో!

అలాంటి అక్షరాలతో ఫొటోల కింది ఇంగ్లిష్ వ్యాఖ్యలను 8 పాయింట్ల చిన్న సైజులో వేస్తే ఎలా? న్యూస్‌ప్రింట్ మీద సన్నగీత ఎగిరిపోయి చిన్న 'ఈ' కాస్తా 'సీ' అయిపోతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో తెల్లక్షరాలైతే సిరా పాకి పూడుకుపోతాయి. దయచేసి ఈ సన్నగీతల అక్షరాలను శీర్షికలకు, పుస్తకాల అట్టలకు వాడండి. వ్యాఖ్యలకు, చిన్న సైజు కోసమే గీసిన ఫాంటు తీసుకోండి.

- ఒక పాఠకురాలు